దోస్తానా ఎవరి బాకీ?

కంగ్టి మండలంలో ఏ తాండాకు పోయినా ఈ మధ్య రెండు మాటలు వినపడుతున్నాయి. "పట్నం పోయినంక మమ్మల్ని మర్చిపోయిండు" అనేది ఒకటి. "ఎప్పుడు పోయినా అప్పో, దావతో అడుగుతరు, అందుకే పోబుద్ధి కాదు" అనేది ఇంకొకటి. మొదటి మాట తాండాలో ఉన్నవాళ్లది. రెండో మాట హైదరాబాదులోనో, సంగారెడ్డిలోనో బతుకు కట్టుకున్నవాళ్లది. ఈ రెండు మాటలు అంటున్నవాళ్లు ఒకప్పుడు ఒకే బడిలో ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లు. ఒకే వాగులో ఈత నేర్చుకున్నవాళ్లు. ఇద్దరి మాటల్లో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. అందుకే ఇది పెద్దమనుషులు కూర్చొని ఒకరికి దండుగ వేసి లేచిపోయే పంచాయితీ కాదు. నిదానంగా ఆలోచించవలసిన ప్రశ్న. కొత్త నగరంలో స్థిరపడే మనిషి పాత దోస్తులకు ఏం బాకీ ఉంటాడు? ఉన్నచోటే ఉన్న దోస్తు అతనికి ఏం బాకీ ఉంటాడు?

మేము ఈ వైపు తాండాల్లో పుట్టి, ఈ వైపు బడుల్లోనే పాఠాలు చెబుతున్నవాళ్లం. మా ముందు కూర్చొని చదివిన పిల్లలు ఇప్పుడు పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నారు. మియాపూర్ వైపు కడుతున్న పెద్ద పెద్ద బిల్డింగుల్లో పని చేస్తున్నారు. ఆటోలు, క్యాబులు నడుపుతున్నారు. అశోక్‌నగర్ గదుల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నారు. ఆడపిల్లలు నర్సింగ్ చదివి ఆసుపత్రుల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లతో చదివిన తక్కిన సగం మంది ఇక్కడే పత్తి, కంది, సోయా వేసుకొని ఉన్నారు. దసరా, దీపావళి దాటాక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని జహీరాబాద్ వైపో, బీదర్ వైపో, ఇంకా దూరం మహారాష్ట్రకో చెరుకు కొట్టడానికి పోయి వస్తున్నారు. ఇద్దరూ మా పిల్లలే. ఒకరి పక్షం వహించే వీలు మాకు లేదు.

మనం వలస కొత్తగా నేర్చుకున్నవాళ్లం కాదు. మా లంబాడీల పెద్దలు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని ఉత్తరాది నుంచి దక్కను దాకా తిరిగినవాళ్లు. వాళ్లకు ఊరు అంటే నేల కాదు, మనుషుల గుంపు. తాండా లేచిందంటే నాయక్, కార్బారి, ముసలివాళ్లు, పసిపిల్లలు, కుక్కలు, గొడ్లు అన్నీ కలిసి లేచేవి. దోస్తులు కూడా కలిసే లేచేవాళ్లు. పోయేవాడు, ఉండేవాడు అనే తేడా అప్పుడు లేదు. 19వ శతాబ్దంలో రైళ్లు, రోడ్లు వచ్చాక ఎడ్ల మీది వ్యాపారం పడిపోయింది. తాండాలు ఒక్కొక్కటే భూమి పట్టుకొని నిలిచాయి.

నిలిచిన తర్వాత గీతలు మా మీదుగా పోయాయి. 1956కు ముందు నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మేము ఇటు వచ్చాం, బీదర్ అటు పోయింది. తర్వాత ఈ వైపు లంబాడీలను 1976 చట్టంతో షెడ్యూల్డ్ తెగల్లో చేర్చారు. కర్ణాటకలో మా చుట్టాలు షెడ్యూల్డ్ కులాల్లో ఉన్నారు. మహారాష్ట్రలో విముక్త జాతుల్లో ఉన్నారు. ఒకే ఇంటిపేరు, ఒకే బోలి, మూడు రకాల సర్టిఫికెట్లు. అయినా పెళ్లిళ్లు ఆగలేదు, రాకపోకలు ఆగలేదు. గవర్నమెంటు గీసిన గీత మా చుట్టరికాన్ని తెంపలేకపోయింది.

మరి ఆ గీత తెంపలేనిదాన్ని వంద కిలోమీటర్ల చిల్లర బస్సు ప్రయాణం ఎట్లా తెంపుతున్నది? ఇదివరకు తాండా మొత్తం కదిలేది. ఇప్పుడు ఒక్కొక్కరే కదులుతున్నారు. తేడా అక్కడే ఉన్నది. ఒంటరిగా పోయినవాడు పాత బంధాలను ఎట్లా నిలుపుకోవాలో చెప్పే ఆచారం మగవాళ్ల దగ్గర లేదు.

ఆడవాళ్ల దగ్గర ఉన్నది. ఒంటరిగా ఊరు విడవడం మా ఇళ్లల్లో ఆడపిల్లకు ఎప్పటినుంచో ఉన్న సంగతే. పెళ్లయి అత్తగారి తాండాకు పోయే రోజు ఆమె తల్లిని, అక్కచెల్లెళ్లను, జతగత్తెలను ఒక్కొక్కరినే పట్టుకొని రాగం తీసి ఏడుస్తుంది. ఆ ఏడుపు పాటను మేము ఢావ్లో అంటాం. పుట్టిన తాండాను, పెంచిన చేతులను, ఆడిన చోట్లను పేరు పేరునా తలుచుకుంటుంది. ఆ తర్వాత కొత్త తాండాలో, కొత్త మనుషుల మధ్య, కొత్త పొయ్యి దగ్గర బతుకు మొదలు పెడుతుంది. పట్నం పోయే యువకుడు ఈ రోజు పడుతున్న బాధంతా ఆమె వందల ఏళ్లుగా పడుతున్నదే.

ఆడవాళ్ల నుంచి మనం రెండు సంగతులు నేర్చుకోవాలి. మొదటిది సిగ్గుపడవలసిన సంగతి. ఒక అబ్బాయి పట్నం పోయి ఫోన్ చేయకపోతే తాండా అంతా మాట్లాడుకుంటుంది. అదే ఒక అమ్మాయికి తీజ్ తొమ్మిది రోజులు కలిసి గోధుమ నారుకు నీళ్లు పోసిన జతగత్తెలు పెళ్లితో శాశ్వతంగా దూరమైతే, ఎవరూ దాన్ని ప్రశ్నగా చూడలేదు. "ఆడపిల్ల అంతే" అన్నాం. ఆమె దోస్తానాకు విలువ లేదనుకున్నాం. స్నేహం గురించి మనం నీతి మాట్లాడాలంటే ముందు ఆ లెక్క సరిచేయాలి. కోడలిగా వచ్చిన అమ్మాయి తన చిన్ననాటి దోస్తుకు ఫోన్ చేస్తే "ఎవరితో అంతసేపు?" అని అడిగే ఇంటికి, పట్నం పోయిన కొడుకును "మర్చిపోయినవు" అని అనే హక్కు సగమే ఉంటుంది.

రెండోది నేర్చుకోవలసిన పద్ధతి. మా ముసలమ్మలు చాలా రోజులకు కలిసినప్పుడు "బాగున్నవా" అని అడిగి ఊరుకోరు. ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకొని రాగంతో ఏడుస్తారు. కిందటిసారి కలిసిన నాటి నుంచి ఎవరు చనిపోయారు, ఎవరు పుట్టారు, ఏ పంట పోయింది, ఏ కష్టం వచ్చింది, అన్నీ ఆ ఏడుపులో చెప్పుకుంటారు. బయటివాళ్లకు అది వింతగా కనపడుతుంది. కాని అందులో పెద్ద వివేకం ఉన్నది. మధ్యలో గడిచిన కాలం గడవనట్టు వాళ్లు నటించరు. నువ్వు లేనప్పుడు నాకు ఇది జరిగింది, నేను లేనప్పుడు నీకు ఏం జరిగింది అని లెక్క ఒప్పజెప్పుకుంటారు. ఆ తర్వాతే కూర్చొని మామూలు మాటల్లో పడతారు. మన యువకులు పండుగకు కలిసినప్పుడు పాత జోకులే మళ్లీ చెప్పుకొని నవ్వి విడిపోతారు. మధ్యలోని ఐదేళ్ల గురించి ఎవరూ అడగరు. నవ్వులు అయిపోగానే మాటలు కూడా అయిపోతాయి.

ఈ ప్రశ్న మనకొక్కరికే వచ్చింది కాదు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ సుమారు 2,300 ఏళ్ల కింద నీతి గురించి పది భాగాల గ్రంథం రాశాడు. అందులో రెండు భాగాలు స్నేహానికే కేటాయించాడు. దూరం స్నేహాన్ని వెంటనే చంపదు, దాని పనిని మాత్రమే ఆపుతుంది, కాని ఎడబాటు ఎక్కువ కాలం సాగితే మరుపు వస్తుంది అని ఆయన అన్నాడు. ఇది మనకు తెలిసిన సంగతే. ఆయన ఇంకొక ప్రశ్న కూడా అడిగాడు. చిన్ననాటి దోస్తుల్లో ఒకడు బుద్ధిలో పిల్లవాడిగానే ఉండిపోయి, ఇంకొకడు బాగా ఎదిగిపోతే వాళ్లు దోస్తులుగా ఎట్లా ఉంటారు? ఇష్టాలు కలవవు, సుఖదుఃఖాలు కలవవు కదా? అయినా ఎదిగినవాడు పాతవాడిని పరాయివాడిగా చూడరాదు, పాత సావాసం గుర్తుంచుకొని కొంత ఎక్కువ చూడాలి అని ఆయన జవాబు చెప్పాడు.

మంచి జవాబే. కాని తాండా నుంచి చూస్తే అందులో ఒక లోటు ఉన్నది. పోయినవాడు ఎదుగుతాడు, ఉన్నవాడు ఉన్నట్టే ఉంటాడు అనే ఊహ మీద మనం ఆ జవాబును వాడుకుంటాం. ఆ ఊహ నిజమా? పదేళ్లు ఒకే ఫ్యాక్టరీలో ఒకే మిషను దగ్గర నిలబడినవాడికి ఆ మిషను తెలుసు, షిఫ్టు టైము తెలుసు, సూపర్‌వైజర్ కోపం తెలుసు. ఆ పదేళ్లలో తాండాలో ఉన్నవాడు విత్తనం ఏది మొలుస్తుంది, ఏది మోసం చేస్తుంది తెలుసుకున్నాడు. వడ్డీ ఎట్లా పెరుగుతుంది, తహసీల్ ఆఫీసులో ఏ కాగితం ఎక్కడ ఆగుతుంది, చెరుకు మేస్త్రీ లెక్క ఎక్కడ తప్పుతుంది తెలుసుకున్నాడు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత చాలా తాండాలు సొంత గ్రామపంచాయతీలు అయ్యాయి. గ్రామసభలో నిలబడి మాట్లాడటం కూడా అతను నేర్చుకున్నాడు. ఇందులో పిల్లవాడు ఎవరు? ఇద్దరూ ఎదిగారు, చెరొక దిక్కు ఎదిగారు.

అందుకే పాత సావాసం గుర్తుంచుకోవడం చాలదని మేము అనుకుంటున్నాం. గుర్తుంచుకోవడం చనిపోయినవాళ్లకు కూడా చేస్తాం. బతికి ఉన్న దోస్తుకు చేయవలసింది ఇంకొకటి ఉన్నది. ఒకరినొకరు అడిగే హక్కును నిలుపుకోవడం. సలహా అడగడం, సాయం అడగడం, "ఇట్లా ఎందుకు చేసినవురా" అని నిలదీయడం, ఇవన్నీ అడగడమే. ఈ హక్కు ఉన్నంత కాలం మనుషులు ఏడాదికి ఒకసారి కలిసినా దోస్తులే. ఈ హక్కు పోతే ప్రతి పొద్దున ఫోన్లో పూల బొమ్మ పంపుకున్నా ఎరిగినవాళ్లే తప్ప దోస్తులు కారు.

ఈ మాటను పట్టుకొని కొన్ని కష్టమైన సంగతులు చూద్దాం.

మొదటిది, నగరంలో స్థిరపడటం తప్పా? కానే కాదు. పోయిన చోట కాళ్లు ఆనాలంటే అక్కడి మనుషులతో కలవాలి. పక్క మిషను దగ్గర పనిచేసే ఒడిశా వాడితోనో, బిహారు వాడితోనో కలిసి తినాలి. కొత్త దోస్తులు కావాలి. మా బోలిలో మనవాళ్లను గోర్ అంటాం, బయటివాళ్లను కోర్ అంటాం. ఎడ్ల మీద తిరిగే రోజుల్లో దారి పొడుగునా ఎవరు ఎవరో తెలియని చోట ఆ మాట అవసరమై ఉంటుంది. కాని జ్వరం వచ్చిన రాత్రి గదిలో మందు తెచ్చి ఇచ్చినవాడు కోర్ ఎట్లా అవుతాడు? కొత్త దోస్తును చేసుకోవడం పాత దోస్తుకు ద్రోహం కాదు. తాండాలో ఉన్నవాళ్లు "వాడికి ఇప్పుడు వేరే దోస్తులు దొరికిండ్రు" అని ఎత్తిపొడవడం మానుకోవాలి. నగరంలో ఒంటరిగా ఉన్నవాడి కంటే నలుగురు తోడు ఉన్నవాడే పాతవాళ్లకు కూడా ఎక్కువ మిగులుతాడు. ఒంటరితనంలో కుంగినవాడు ఇంటికి కూడా ఫోన్ చేయడు.

రెండోది, బోలి. బస్సులో ఉన్నప్పుడో, గదిలో తోటివాళ్లు ఉన్నప్పుడో తాండా నుంచి ఫోన్ వస్తుంది. అవతల దోస్తు "రామ్ రామ్ భియా" అని మా బోలిలో మొదలు పెడతాడు. ఇవతలి వాడు గొంతు తగ్గించి తెలుగులో "మళ్లీ చేస్తా" అంటాడు. అవతలివాడికి అర్థమవుతుంది. ఇవతలివాణ్ని మాత్రమే తప్పు పట్టడం తేలిక. కాని ఆ గొంతు ఎందుకు తగ్గిందో చూడాలి. హైదరాబాదులో ఒక పెద్ద ప్రాంతానికి బంజారా హిల్స్ అని మన పేరే ఉన్నది. 2022 సెప్టెంబర్ 17న అక్కడే సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీమ్ ఆదివాసీ భవన్ ప్రారంభించారు. అదే నగరంలో ఒక గది అద్దెకు అడిగితే "మీరేమిటోళ్లు?" అనే ప్రశ్న ముందు వస్తుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి, సంచార జాతులను పుట్టుకతోనే దొంగలుగా చూసింది. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర కాగితం మీద పోయింది. మనుషుల కళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. అటువంటి చోట ఒక కుర్రవాడు తన బోలిని దాచుకుంటే అది అతని ఒక్కడి పిరికితనం అనడం న్యాయం కాదు.

అయినా ఆ దాచుకోవడానికి ధర ఎవరు కడుతున్నారు? ఫోన్ చేసిన దోస్తు కడుతున్నాడు. తన మాట వినపడటమే అవతలివాడికి నామోషీ అని అతను తెలుసుకున్న రోజు, ఇక ఏదీ అడగడు. అడిగే హక్కు అక్కడ తెగిపోతుంది. కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, వీలు కానప్పుడు "మళ్లీ చేస్తా" అనండి, కాని ఆ మాట మన బోలిలో అనండి. గోండు పిల్లలు గోండీలో, కోయ పిల్లలు కోయలో అనండి. మా బోలికి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగు లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో రాసుకుంటున్నాం. లిపి లేని బోలి మాట్లాడే నోళ్లలోనే బతకాలి. దోస్తులు మాట్లాడుకోకపోతే ఇంకెవరు మాట్లాడుతారు?

మూడోది, పైసలు. దీన్ని దాటవేస్తే మిగతా మాటలన్నీ ఉత్తవే. తాండాలో ఉన్నవాడికి పట్నంలో ఉన్నవాడి జీతం తెలుసు, ఖర్చు తెలియదు. గది అద్దె, కరెంటు, బస్సు, పిల్లల ఫీజు పోగా నెలాఖరుకు మిగిలేది తెలియదు. తాండా నుంచి ఎవరినైనా గాంధీకో, ఉస్మానియాకో, నిమ్స్‌కో తెస్తే మొదటి ఫోన్ అతనికే పోతుంది. అతను వస్తాడు, చీటీ రాయిస్తాడు, వరుసలో నిలబడతాడు. రోజు కూలి మీద ఉన్నవాడికి ఒక రోజు సెలవంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఆ సంగతి అతను చెప్పడు, వీళ్లు అడగరు. అట్లా మూడుసార్లు అయ్యాక నాలుగోసారి ఫోన్ ఎత్తడు. అప్పుడు "మర్చిపోయిండు" అనే మాట పుడుతుంది.

ఇక్కడ మేము ఒక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. అడిగే హక్కు ఉన్నచోట "లేదు" అనే హక్కు కూడా ఉండాలి. లేదు అనలేని దోస్తానా వడ్డీ వ్యాపారం లాంటిది, ఎంత కట్టినా అసలు తీరదు. అడగలేని దోస్తానా మొహమాటం. పట్నంలో ఉన్నవాడు ఫోన్ ఎత్తకుండా తప్పించుకునే బదులు "ఈ నెల నా దగ్గర లేవు, మనిషిగా వస్తా" అని సూటిగా చెప్పాలి. తాండాలో ఉన్నవాడు ఆ మాట విని మూతి ముడుచుకోకుండా "సరే, నువ్వు రా చాలు" అనగలగాలి. దీనికి ఇద్దరికీ ధైర్యం కావాలి. పైసలు లేవని చెప్పుకోవడానికి కూడా ధైర్యం కావాలి, ఎందుకంటే పట్నం పోయినవాడు గెలిచినట్టే కనపడాలని తాండా కోరుకుంటుంది.

అడగడం ఒక దిక్కే సాగితే కూడా చెడుతుంది. పట్నంలో ఉన్నవాడు కూడా అడగాలి. పిల్లవాడి కుల సర్టిఫికెట్ కోసం కంగ్టి తహసీల్ ఆఫీసుకు ఎవరో ఒకరు పోవాలి కదా, దోస్తును అడగాలి. తల్లిదండ్రులను వారానికి ఒకసారి పోయి చూడమని అడగాలి. తన వాటా మడిలో కంది ఎట్లా ఉన్నదో అడగాలి. ఇన్ని పనులు చేసిపెడుతున్నవాడు సాయం పొందేవాడు మాత్రమే కాదు, సాయం చేసేవాడు కూడా అని అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది. లెక్క సమానం కాకపోవచ్చు. కాని రెండు దిక్కులా నడిచే దారి గడ్డి మొలిచి మూసుకుపోదు.

నాలుగోది, ఉన్నవాళ్ల బాధ్యత. పోయినవాడికి చెప్పే నీతులు మన దగ్గర చాలా ఉన్నాయి, ఉన్నవాడికి చెప్పేవి తక్కువ. పండుగకు వచ్చిన దోస్తుకు కుర్చీ తెచ్చి వేసి, మిగతావాళ్లు అరుగు మీద కూర్చుంటారు. దుకాణం నుంచి వాటర్ బాటిల్ తెప్పిస్తారు. అది మర్యాదే, కాని ఆ కుర్చీలో కూర్చున్న క్షణం అతను చుట్టమైపోతాడు. అతన్ని అరుగు మీదే కూర్చోనివ్వాలి. కుండలోని నీళ్లే ఇవ్వాలి. అతని మాటలో పట్నం యాస దొర్లితే ఎగతాళి చేయొద్దు. అత్తగారి తాండా నుంచి వచ్చిన చెల్లెలి మాటలో ఆ తాండా యాస వస్తే ఎగతాళి చేస్తున్నామా? ఇంకొక అలవాటు కూడా ఉన్నది. తాండాలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే "దూరంలో ఉన్నోడిని ఎందుకు బాధపెట్టడం" అని చెప్పరు. చనిపోయాకే ఫోన్ చేస్తారు. బాధ పంచకపోతే మనిషిని బయట నిలబెట్టినట్టే. చిన్న వార్తలు కూడా చెప్పాలి. బోరులో నీళ్లు ఎంత లోతుకు పోయాయో, ఎవరి బర్రె ఈనిందో, బడికి కొత్త సారు వచ్చాడో లేదో చెప్పాలి. చిన్న వార్తలు తెలిసినవాడే తాండా మనిషిగా మిగులుతాడు.

ఐదోది, కలుసుకునే రోజు. మన పెద్దలు కలయికను మనుషుల మనసుకు వదిలిపెట్టలేదు, తిథికి కట్టారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్లంతా చేరతారు, కొత్త కోడళ్లను పెద్దలకు, దేవుడికి పరిచయం చేస్తారు. మేడారంలో రెండేళ్లకు ఒకసారి మాఘమాసంలో సమ్మక్క, సారలమ్మల దగ్గర కోయల కుటుంబాలు కలుస్తాయి. మా తాండాల్లో హోళీకి పుట్టిన మగపిల్లవాడికి ధూండ్ చేస్తారు, దానికి చుట్టాలు, దోస్తులు రావలసిందే. శ్రావణంలో తీజ్ చివరి రోజు ఆడపిల్లలు మొలిచిన నారును పెద్దలకు, అన్నదమ్ములకు పంచి, మిగిలింది నీళ్లలో కలుపుతారు. ఫిబ్రవరి 15న సేవాలాల్ మహారాజ్ జయంతి. "వీలు చూసుకొని కలుద్దాం" అని పెద్దలు ఎప్పుడూ అనలేదు. ఫలానా రోజు కలుస్తాం అన్నారు. వీలు ఎప్పుడూ దొరకదని వాళ్లకు తెలుసు. ఫ్యాక్టరీలో తీజ్‌కు సెలవు ఇవ్వరు, నిజమే. అటువంటప్పుడు దోస్తులే ఒక ఆదివారం పెట్టుకోవచ్చు. ఏడాదిలో రెండు రోజులు, ఒకటి తాండాలో, ఒకటి పట్నంలో. పట్నంలో ఎందుకంటే, తాండాలో ఉన్నవాడు కూడా పోయినవాడి గది చూడాలి. ఆ గదిలో ఒక రాత్రి పడుకుంటే, ఫోన్ ఎందుకు ఎత్తలేదో సగం అర్థమవుతుంది.

చివరగా తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ విడిపోవడం ఉద్యోగంతో మొదలు కాదు. ఐదో తరగతికి గురుకుల ప్రవేశ పరీక్ష ఉంటుంది. మన బడిలో ఇద్దరు జతగాళ్లు రాస్తారు. ఒకడికి సీటు వస్తుంది, ఒకడికి రాదు. అప్పటికి వాళ్ల వయసు పదేళ్లు కూడా నిండదు. సీటు వచ్చినవాడికి దండ వేస్తాం, పేరు బోర్డు మీద రాస్తాం, రెండోవాడు చప్పట్లు కొడతాడు. ఆ రోజు నుంచే వాళ్లకు "గెలిచినవాడు, మిగిలినవాడు" అని మనం నేర్పుతున్నాం. పట్నంలో తర్వాత జరిగేదంతా ఆ పాఠం కొనసాగింపే. విడిచి పోయే పిల్లవాడికి ఇవ్వడానికి బడిలో టీసీ అనే కాగితం ఉన్నది. కలిసి ఉండటానికి ఏ కాగితమూ లేదు.

అది మనం తయారు చేయవచ్చు, దీనికి ఏ ఆర్డరూ అవసరం లేదు. గురుకులానికి పోయిన పిల్లవాడికి బడిలో ఉన్న పిల్లలు నెలకు ఒక ఉత్తరం రాయాలి, తెలుగు లిపిలో తమ బోలిలో రాయాలి. రెండు పనులు ఒకేసారి అవుతాయి, దోస్తానా నిలుస్తుంది, బోలి రాయడం వస్తుంది. దసరా, సంక్రాంతి సెలవులకు వచ్చిన పిల్లవాణ్ని ఒక రోజు పిలిపించి, అతను నేర్చుకున్నది ఇక్కడివాళ్లకు చెప్పించాలి. ఇక్కడివాళ్లు నేర్చుకున్నది అతనికి చెప్పించాలి. ఆ రెండో సగం మరవొద్దు. తల్లిదండ్రులతో చెరుకుకు పోయి వచ్చిన పిల్లవాణ్ని కూడా అట్లాగే నిలబెట్టాలి. అతను కూడా వేరే రాష్ట్రం చూసి వచ్చినవాడే, వేరే భాష విని వచ్చినవాడే. అతను చెప్పేది కూడా పాఠమే అని తరగతి వినాలి. పదేళ్ల వయసులో ఇది అలవాటైన పిల్లలు ముప్పై ఏళ్లకు ఒకరినొకరు చిన్నచూపు చూడరు.

మొదటి అడుగు ఎవరు వేయాలి అని అడిగితే, మా జవాబు సూటిగానే ఉన్నది. ఎవరికి ఆ రోజు కొంచెం సులువుగా ఉన్నదో వాళ్లే వేయాలి. జీతం పడ్డ వారం అయితే పట్నంలో ఉన్నవాడు వేయాలి. పంట ఇంటికి వచ్చిన వారం అయితే తాండాలో ఉన్నవాడు వేయాలి. ఫోన్ చేసినప్పుడు "ఏం సంగతి" అంటే "ఏం లేదు" అనే జవాబే వస్తుంది. అందుకని మీకు జవాబు తెలియని ఒక ప్రశ్న అడగండి. అవతలివాడు చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకండి.